తలుపు మూయుట యెప్పుడు ధర్మము?

ఒక సంఘము తెరచిన తలుపులను లెక్కించి దాని యభ్యుదయమును గ్రహింపవచ్చునని మేము చాలకాలముగా నమ్మియున్నాము. బడి తలుపు, బావి గట్టు, గుడి గడప అందరివియు కావలెనను వాదములు విని పెరిగినవారము. అట్టి మేమే నేడొక తలుపు మూయుమని చెప్పవలసి వచ్చినది. ఇందు పూర్వాపర విరోధమున్నదా యనునదే యిచట విచార్యాంశము.

నందిగామకును జగ్గయ్యపేటకును నడుమ నొక పల్లెలో పాడుపడిన చిన్న దేవాలయము కలదు. గర్భగృహములోని గోడమీద శాసనమున్నదని విని, అది చదువవలెనను కుతూహలముతో కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని పోయితిమి. దీపము వెలిగింపగానే పైకప్పు కదలినట్లయినది. పిల్లలు కేకలు వేసిరి. వందలకొలది గబ్బిలములు మా తలలమీదుగా వెలుపలికి పోయినవి. సద్దు మణగిన పిదప చూడగా, బొటనవ్రేలంత లేని పసికూన యొకటి నేలపై పడి కొట్టుకొనుచుండెను. కొంతసేపటికి కదలిక యుడిగినది. శాసనము చదువకయే తిరిగి వచ్చితిమి.

పిల్లలు ఎగుర నేర్చువరకు ఎవరును లోనికి పోరాదని మేము గ్రామస్థులకు చెప్పగా, గుడిని బాగుచేయ సంకల్పించిన యువకులలో నొకడు, ఒకప్పుడు ఊరి వెలుపల నుంచబడిన పేటకు చెందినవాడు, మమ్ము నిలువదీసెను: “మాస్టారూ, మా తాతల్ని ఈ గడప తొక్కనీలేదు. తొక్కవచ్చని చట్టం వచ్చినాక, ఇప్పుడు గబ్బిలాలు అడ్డమొచ్చినయ్యా?”

ఆ మాటకు మాయొద్ద తక్షణ సమాధానము లేకపోయెను. 1947 లో మద్రాసు రాష్ట్రమున దేవాలయ ప్రవేశ శాసనము వచ్చినది. అంతకు ముందే, 1941 లో, జాషువ కవి “గబ్బిలము” వెలువరించెను. గుడిలోనికి పోజాలని మనుజుడు, గుడిలో స్వేచ్ఛగా తిరుగు గబ్బిలముతో కాశీ విశ్వేశ్వరునకు సందేశము పంపుటయే అందలి కథ. మనిషికి లేని ప్రవేశము పక్షికి గలదను నింద యందున్నది. ఆ యువకుని ప్రశ్నయు నదియే. కాబట్టి దానిని తేలికగా త్రోసివేయుట తగదు.

మొదట ఆ ప్రాణిని గూర్చి తెలిసికొందము. సంస్కృతమున దీనిని జతుకయనియు, తోలు రెక్కలు గలది గావున అజినపత్రయనియు నందురు. ఇది పక్షి కాదు. పిల్లలకు పాలిచ్చు జంతువు. కీటకములను తిను జాతులు రాత్రివేళ పొలములపై దిరిగి పురుగులను భక్షించును. పండ్లు తిను జాతులు విత్తనములను వెదజల్లును, పూలకు పరాగము జేర్చును. పెక్కు జాతులలో తల్లి యేడాదికి కనునది ఒక్క పిల్లనే. కొన్ని జాతులు ఇరువది యేండ్లకు మించియు జీవించును. నెమ్మదిగా కని నెమ్మదిగా పెంచు జీవమునకు ఒక్క యేటి సంతానము నశించిన, ఆ లోటు త్వరలో పూడదు. ఇంటిలో దూరిన నరిష్టమని చీపురెత్తు గృహిణులు ఈ సంగతి గమనింతురు గాక.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఫలభక్షక గబ్బిలములను ఎలుకలతోను కాకులతోను జేర్చి హానికర జంతువుల పట్టికలో వ్రాసెను. ఆ పట్టికను 2022 నాటి సవరణ తొలగించినది. ఎవరిని తక్కువవారిగా వ్రాసితిమో మరల చూచుకొనుట సంస్కారమునకు లక్షణమైనచో, ఇదియు నొక సంస్కారమే.

రాయలసీమ మెట్టభూమిలో ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పారుచోట గండికోట లోయ యున్నది. ఆ యెండు నేలలో నిటారుగా నిలచిన శిలాకుడ్యములను చూడ వేలాది జనులు పోవుచున్నారు. బెలుము గుహలను రాబర్టు బ్రూస్ ఫుట్ దొర 1884 లో గమనించెను. 1982, 83 సంవత్సరములలో జర్మనీ దేశపు గుహాన్వేషకులు కొలిచిరి. 2002 లో అవి ప్రజలకు తెరువబడినవి. 3,229 మీటర్ల ఆ గుహలో దీపములు వెలుగుచున్నవి. ఇవన్నియు మూయుమని మేమనము. చూచుట విద్యలో భాగము. కాని తెలుగు మాటలాడు జనులు విశేషముగా నున్న కోలారు ప్రాంతమున, హనుమనహళ్లి వద్ద, మరొక విధమైన గుహ యున్నది. 1994 లో శాస్త్రజ్ఞులు వర్ణించిన యొక గబ్బిలజాతికి ప్రపంచమున మిగిలిన నివాసము అదొక్కటియే. మిగిలిన ప్రాణులు 200 కు లోపుగానే లెక్కకు వచ్చినవి. చుట్టును నల్లరాతి క్వారీలు వచ్చినవి. అచట ఒక యాత్రికుని వినోదమునకు మూల్యము ఒక జాతి యంతయు గావచ్చును.

మేము చేరిన నిర్ణయమిది. ఒక నిషేధము న్యాయమా కాదా యని మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును. అది మనుజుని పుట్టుకను జూచి యాపుచున్నదా, లేక అతని చర్యను జూచియా? అది కావలివాని గౌరవమును కాపాడుచున్నదా, లేక లోపలివాని ప్రాణమునా? కావలివాడు తానును దానికి లోబడుచున్నాడా? గుడి గడప నాటి నిషేధము మూడింటను తప్పినది. గుహాద్వార నిషేధము మూడింటను నిలువవచ్చును. మూడవదానియందే మోసము జరుగుటకు వీలెక్కువ. పండితునకు, అధికారి బంధువునకు, ఛాయాచిత్రములు దీయువానికి తలుపు తెరచి, పల్లెవానికి మూసినయెడల అది పాత యంటరానితనమే, పేరు మారినది. పరిశోధకుడు సైతము పిల్లల కాలమున వెలుపలనే నిలువవలెను. మేమును శాసనము చదువుట మానితిమి. లేనిచో ఆ యువకునితో మాటలాడు నర్హత మాకుండదు.

చూడనిదే ప్రేమ పుట్టదు గదా యని కొందరందురు. నిజమే. కాని లోపలికి పోయియే చూడవలెనా? అమెరికాలోని న్యూ మెక్సికో యెడారి ప్రాంతమున, కార్ల్స్‌బాడ్ గుహ ముఖమున మెట్లవలె ఆసనములు కట్టిరి. జనులు సాయంకాలమున మౌనముగా కూర్చుండి గబ్బిలముల బారులు వెలువడుట చూతురు. తలుపు పెట్టుటలోను వివేకము వలయును: గట్టి చెక్కతలుపు గబ్బిలములనే వెళ్లగొట్టును, సుమారు 15 సెంటీమీటర్ల యెడముతో అడ్డముగా నమర్చిన ఇనుప కమ్ములు మనిషిని ఆపి గబ్బిలమును పోనిచ్చును. ఆ యెడము మాకు మేలు సేయునదే. కొన్ని గబ్బిలములయందు మనకు హానిచేయు సూక్ష్మజీవులుండును. పెంటలోని బూజు ఊపిరితిత్తులకు చెరుపు. దూరము ఉభయరక్షకము, భయపడి చంపుట మాత్రము రక్షణ కాదు.

జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధస్తూపమును 1882 లో బర్జెస్ దొర పరిశీలించెను. అందలి శిల్పములు నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నవి. రాతిని మోసికొనిపోయి దాచవచ్చును. గుహలోని చీకటిని, చల్లదనమును, తల్లుల గుంపును మోసికొనిపోజాలము. ఉన్నచోటనే విడిచిపెట్టుట తప్ప దానికి వేరు మ్యూజియము లేదు.

తుదకు ఆ యువకునకు మేమిట్లు చెప్పితిమి: “గుడి నీది. ఆ మాట ఊరివారందరు మొదట ఒప్పుకొనవలెను. ఒప్పుకొనిన పిదప, ఎన్నాళ్లు మూయవలెనో నీవే నిర్ణయింపుము.” గ్రామస్థులు కూడి తాళపుచెవి పేటవారి చేతికిచ్చిరి. ఒకప్పుడు ఏ గడప వెలుపల నిలిపిరో, ఆ గడపకే వారు కావలివారైరి. పిల్లలు ఎగురువరకు తలుపు తీయమని వారే చెప్పిరి. హక్కు లేనివానిని ఆపుట బలాత్కారము. హక్కు గలవాడు తనంత తానాగుట ధర్మము. మొదటిది తొలగనిదే రెండవది పుట్టదు.

మొన్న సాయంకాలము మేమందరము ఆ గుడి ముందటి వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. దీపముల వేళ గబ్బిలములు ఒకటొకటిగా వెలువడి పొలములవైపు సాగినవి. పిల్లలెవ్వరును కేక వేయలేదు.