మీట నొక్కకముందే

న్యూజిలాండ్‌లో మార్చి నెలాఖరుకి గాలి చల్లబడుతుంది. ఆడజింకల కోసం మగ ఎర్రజింకలు లోయలు మారుమోగేలా అరిచే కాలమది. అక్కడి వేటగాళ్లు దాన్ని ‘రోర్’ అంటారు. దానికి కొన్ని వారాల ముందే ఎన్నో ఇళ్ల గరాజుల్లో, వంటింటి బల్లల మీద ఓపికైన పని ఒకటి నడుస్తుంది. నిరుడు పేల్చిన తూటాల ఇత్తడి డొల్లలను శుభ్రం చేసి, కొలతకు తెచ్చి, ఒక్కొక్కటే మళ్లీ నింపుకుంటారు.

ఆ పనిలో అన్నిటికంటే చిన్న వస్తువు ప్రైమర్. పెసరగింజంత ఉండే లోహపు టోపీ. డొల్ల అడుగునున్న గుంటలో దాన్ని కూర్చోబెట్టాలి. తుపాకి సూది దాని నెత్తిన కొడితే లోపలి రసాయనం నలిగి నిప్పు పుడుతుంది, ఆ నిప్పు అసలు మందును అంటిస్తుంది. బల్లకు బిగించిన ప్రెస్‌తోనూ ప్రైమర్ ఎక్కించవచ్చు. కానీ ప్రెస్‌కుండే పొడుగాటి పిడి బలం చేతికి తెలియాల్సిన స్పర్శను మింగేస్తుంది. పిడికిట్లో ఇమిడే చేతి పనిముట్టు అలా కాదు. ప్రైమర్ గుంట గోడలను రాసుకుంటూ దిగడం వేళ్లకు తెలుస్తుంది. అడుగు తాకి ఆగడమూ తెలుస్తుంది. మరీ తేలికగా జారిపోతే ఆ డొల్ల అరిగిపోయిందని అర్థం. ప్రైమర్ డొల్ల అడుగు కంటే మిల్లీమీటరులో పదో వంతు లోపలికి ఉండాలి. పైకి పొడుచుకొని ఉంటే సూది దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చయిపోతుంది. తూటా పేలదు, లేదా ఒక క్షణం ఆలస్యంగా పేలుతుంది. ఆ క్షణంలో జింక కదిలిందంటే గుండెకు తగలాల్సిన గుండు పొట్టలో దిగుతుంది. గాయపడిన జంతువు చీకటిపడేదాకా అడవిలో ఈడ్చుకుంటూ పోతుంది.

కాబట్టి పనిముట్టు ఎంపిక చిన్న విషయమేమీ కాదు. లీ, ఆర్‌సీబీఎస్, ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ లాంటి కంపెనీల పనిముట్లు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటాయి. కొన్నింటికి తూటా సైజును బట్టి డొల్లను పట్టి ఉంచే వేరే షెల్ హోల్డర్ కావాలి. కొన్ని చాలా రకాల డొల్లలను తమ దవడలతోనే పట్టుకుంటాయి. వీటికంటే ముందు చూడాల్సింది మరొకటుంది: నొక్కుతున్న ప్రైమర్‌కీ, ప్రైమర్లు పోసే పళ్లెంలో మిగిలినవాటికీ మధ్య అడ్డు ఉందా? ఒకటి చేతిలో పేలితే పళ్లెమంతా అంటుకోకూడదు. ఆర్‌సీబీఎస్ పనిముట్టులో ఆ అడ్డు ఉంటుంది. ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు సున్నితమైనవి, తన పాత ఆటో ప్రైమ్ పనిముట్టు పళ్లెంలో వాటిని వాడవద్దని లీ హెచ్చరించేది. ఏది కొన్నా కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే.

ఇంత శ్రద్ధా ఒక ప్రాణం తీయడానికే. అసలు చంపడం ఎక్కడ మొదలవుతుంది? మీట మీద వేలు పడినప్పుడా? లేక ఈ బల్ల దగ్గర, ఆ చిన్న టోపీ గుంటలో కూర్చున్నప్పుడేనా?

ఈ ప్రశ్నను జైనులు చాలా ముందే విడదీసి చూశారు. దిగంబరులూ శ్వేతాంబరులూ ఇద్దరూ ప్రమాణంగా తీసుకునే ఉమాస్వాతి తత్వార్థసూత్రం ఆరో అధ్యాయంలో ఒక లెక్క ఉంది. చేయాలన్న సంకల్పం సంరంభం. అందుకు సాధనాలు సమకూర్చుకోవడం సమారంభం. పనికి దిగడం ఆరంభం. ఈ మూడూ మనసుతో, మాటతో, శరీరంతో జరగవచ్చు. తాను చేయవచ్చు, చేయించవచ్చు, చేసేవాళ్లకు సమ్మతి తెలపవచ్చు. వెనక నుంచి నడిపేవి క్రోధం, మానం, మాయ, లోభం అనే నాలుగు కషాయాలు, అంటే మనసుకు పట్టే మలినాలు. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు, ఇరవై ఏడు నాలుగ్లు 108. వాకిలి దాటకముందే, వేటగాడు బల్ల దగ్గర కూర్చున్నప్పుడే, కర్మ లెక్కలో పద్దు పడిపోతుందన్నమాట. తెలుగునాట ‘సమారంభం’ అనగానే వేడుక గుర్తొస్తుంది. అదే మాటకు ఇంత బరువైన అర్థం ఉందని గుర్తుంచుకున్నవాళ్లు తక్కువ.

ఈ లెక్కలో ఒక ఇరకాటం ఉంది. శ్రద్ధ పెరిగేకొద్దీ జంతువు బాధ తగ్గుతుంది. అదే శ్రద్ధ మనిషిని ఆ పనిలో మరింత లోతుగా ముంచుతుంది. తన చేత్తో నింపిన తూటా గురి తప్పలేదన్న గర్వం సాక్షాత్తూ మానకషాయమే. గోడకు తగిలించుకునే కొమ్ముల కోసమైతే లోభం కూడా.

న్యూజిలాండ్ నేల ఈ ప్రశ్నను ఇంకా బిగిస్తుంది. గబ్బిలాలు తప్ప ఆ దీవుల్లో నేలమీది స్థానిక క్షీరదాలే లేవు. ఎర్రజింకలను ఇంగ్లండ్ నుంచి తెచ్చి 1861లో నెల్సన్ ప్రాంతంలో వదిలారు. అవి విపరీతంగా పెరిగి అడవిని మేసేశాయి. 1930లో వాటికి చట్టరక్షణ తీసేసి, ప్రభుత్వమే జీతమిచ్చి వాటిని చంపించింది. టార్ కథ భారతీయుడి మనసును మరీ కలుక్కుమనిపిస్తుంది. హిమాలయాల ఈ కొండమేకను 1904లో ఔరాకి కొండ దగ్గర వదిలారు. ఇప్పుడది అక్కడి పూలమొక్కలను తినేస్తోందని ఏరివేస్తున్నారు. పుట్టినింట్లో మాత్రం దాని మనుగడ ముప్పు అంచున ఉంది. ఒకే ప్రాణి ఒకచోట కాపాడవలసినది, ఇంకోచోట తొలగించవలసినది. దేశకాలాలను బట్టి ధర్మం మారుతుందని పెద్దలు చెప్పినప్పుడు ఇంత కఠినమైన ఉదాహరణ ఊహించి ఉండరు. అడవిని కాపాడటానికే చంపుతున్నామన్నది అబద్ధం కాదు. అయితే కారణం మంచిదైనంత మాత్రాన జైనుల లెక్కలోని పద్దు చెరిగిపోదు.

మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు ఈ బరువును మోసినవాడే. మిథిలలో మాంసం అమ్ముకునే అతడు కౌశికుడనే బ్రాహ్మణుడితో, తాను స్వయంగా చంపనని, ఇతరులు చంపినదే అమ్ముతానని అంటాడు. నాగలితో దున్నినా మట్టిలోని ప్రాణులు చస్తాయనీ చెబుతాడు. రెండో మాట నిలుస్తుంది. మొదటి మాటను తత్వార్థసూత్రం ఒప్పుకోదు, చేయించడమూ సమ్మతించడమూ దాని లెక్కలో ఉన్నాయి గనక. అంగట్లో ప్లాస్టిక్ పొట్లంలో చల్లటి మాంసం కొనేవాళ్లకు కూడా ఆ లెక్క వర్తిస్తుంది. తన తూటా తానే నింపుకునేవాడు వాళ్లకంటే తక్కువ హింస చేస్తున్నాడని కాదు. కాకపోతే చేసేదేమిటో అతని చేతికి తెలుసు. వేలికి స్పర్శనిచ్చే పనిముట్టు మేలైనదని చెప్పడానికి, గురి కుదరడం కంటే ఇది పెద్ద కారణం.

సమారంభానికే అడ్డం తిరిగినవాళ్లూ న్యూజిలాండ్‌లో ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఒటాగో రైతు ఆర్చిబాల్డ్ బాక్స్‌టర్ సైన్యంలో చేరనన్నాడు. 1917లో అతన్ని, మరో పదముగ్గురిని బలవంతంగా ఓడ ఎక్కించి పంపారు. ఐరోపా యుద్ధరంగంలో అతన్ని కొయ్యకు కట్టి శిక్షించారు. ఎవరినీ కాల్చమని అడగకముందే, యూనిఫాం తొడుక్కోవడమే యుద్ధంలో పాలుపంచుకోవడమని అతని పట్టుదల. ఉమాస్వాతి పేరైనా విని ఉండడు. తత్వం మాత్రం అదే.

2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో ఒక దుండగుడు 51 మందిని కాల్చి చంపిన తర్వాత ఆ దేశపు చట్టం కూడా ఈ దిక్కుగా జరిగింది. ఇప్పుడు తుపాకికే కాదు, తూటాలు దగ్గర ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. మీట నొక్కకముందు జరిగేదానికి కూడా జవాబుదారీ ఉండాలని ఒక దేశం ఒప్పుకుంది. అందుకు చెల్లించిన మూల్యాన్ని తలుచుకుంటే నోట మాట రాదు.

అక్కడ లైసెన్సు తీసుకునేవాళ్లు నేర్చుకునే ఏడు సూత్రాల్లో నాలుగోది: లక్ష్యం ఏమిటో ఏ మాత్రం అనుమానం లేకుండా గుర్తించాలి. రోర్ కాలంలో పొదలో కదలిక చూసి జింకేననుకొని తోటి వేటగాడినే కాల్చిన ఘటనలు ఆ దేశంలో జరిగాయి. అలాంటి రోజున ప్రైమర్ చక్కగానే కూర్చుని ఉంటుంది, తూటా ఆలస్యం లేకుండానే పేలుతుంది. అందుకే అనుభవజ్ఞులైన వేటగాళ్లు కొత్తవాళ్లకు పనిముట్టు చూపించేటప్పుడే పొద గురించీ చెబుతారు. చూపుడువేలితో ఒక్కో డొల్ల అడుగునూ తడిమి, పొడుచుకొచ్చినవాటిని పక్కన పెట్టించి, పూర్తి జింక కనబడేదాకా తుపాకి భుజానికి ఎత్తవద్దంటారు.