శ్రవణభక్తి - వినిపించు పుస్తకములు

భగవంతుని చేరుటకు భక్తిమార్గములు తొమ్మిదియని శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున ప్రహ్లాదుడు తండ్రికి విన్నవించెను. అందు మొదటిది శ్రవణము. కీర్తనమునకు కంఠము కావలెను. అర్చనమునకు పత్రపుష్పములు కావలెను. క్షేత్రసేవకు నడువగల కాళ్లు కావలెను. శ్రవణమునకు వినవలెనను కోరిక యొక్కటి చాలును. నిరక్షరుడును, నిరుపేదయు, మంచము పట్టిన వృద్ధుడును ఈ తొలిమెట్టుపై సమానముగా నిలువగలరు. ప్రహ్లాదుడే ఇందుకు తార్కాణము. తల్లిగర్భమున నుండగనే నారదుని ఉపదేశమును వినిన ఆ శిశువు, అక్షరము దిద్దకమునుపే భక్తుడయ్యెను.

వినుటయందలి మహిమను పల్నాటిసీమ తన ఊరిపేరుననే నిలుపుకొన్నది. నూజెండ్ల మండలమువారు రైలెక్కవలెనన్నను, బజారు పనులు చూచుకొనవలెనన్నను వినుకొండకు పోవుదురు. సీతాపహరణవార్తను శ్రీరామచంద్రుడు వినిన కొండ గనుక అది వినుకొండ అయినదని స్థలపురాణము చెప్పుచున్నది. ఆ కథలో గమనింపదగినది ఒకటి కలదు. వార్త వినిన రాముడు దుఃఖించెను గాని దుఃఖముతో అచ్చటనే కూలబడలేదు. వార్త చెప్పి ప్రాణము విడిచిన జటాయువునకు తండ్రికివలె అంత్యక్రియలు జరిపెను. పిదప సీతాన్వేషణకై దక్షిణమునకు సాగెను. విని లేచుటయే శ్రవణము. విని మరచుట శబ్దము చెవిని తాకుట మాత్రమే.

శ్రీవైష్ణవ సంప్రదాయమున నాథమునుల చరిత్ర ఈ సత్యమునే చాటుచున్నది. వీరనారాయణపురమునకు వచ్చిన యాత్రికులు కుంభకోణస్వామిపై నమ్మాళ్వారు పాడిన పది పాశురములను గానము చేయగా నాథమునులు వినిరి. తక్కిన పాశురములెక్కడయని అడిగిరి. వారికి అంతకుమించి తెలియదు. నాథమునులు ఊరకుండక ఆళ్వారు తిరునగరికి ప్రయాణమై, మధురకవి ప్రబంధమును పండ్రెండువేల పర్యాయములు అనుసంధించి, ఆళ్వారుల అనుగ్రహమున నాలాయిర దివ్యప్రబంధమును లోకమునకు మరల సంపాదించి యిచ్చిరని గురుపరంపర చెప్పును. చెవిని పడినవి పది. వెదకి తెచ్చినవి నాలుగువేలు.

పూర్వము పల్లెలలో ఈ శ్రవణభాగ్యమునకు కొదువ లేకుండెను. రాత్రి భోజనములైన పిదప రామమందిరపు అరుగుపై ఒకరు భాగవతమో రామాయణమో చదివి అర్థము చెప్పుచుండ, ఊరంతయు కూర్చుండి వినెడిది. మాచర్ల చెన్నకేశవుని సేవించిన బ్రహ్మనాయుని కథను, పల్నాటి వీరుల గాథను వీరవిద్యావంతులు కారెంపూడిలో గానము చేయుచుండగా చదువురానివారు సైతము కంఠస్థము చేసికొనిరి. అలిసెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన ఆ గాథను అమెరికాదేశీయుడైన జీన్ రోఘెయిర్ టేపుపై ముద్రించుకొని, దాని ఆధారముననే రచించిన గ్రంథమును 1982లో వెలువరించెను. నోట నిలిచిన కథ యంత్రమున నిలిచి, ఆ మీదటనే అచ్చుకెక్కినది.

నేడు అరుగులపై పురాణము చెప్పువారు అరుదైరి. పిల్లలు చదువులకును ఉద్యోగములకును నగరములకు పోవుచున్నారు. ఇంట భారతము, భాగవతము ఉన్నను చదివి వినిపించువారు లేరు. 2011 జనగణన నాటికి అవిభక్తాంధ్రప్రదేశమున నూటికి సుమారు 67 మందియే అక్షరాస్యులు. అనగా ప్రతి ముగ్గురిలో ఒకరికి ముద్రిత గ్రంథము మూసిన తలుపే. ఆ తలుపు తెరచునది వినిపించు పుస్తకము. దానినే నేటివారు ఆడియో పుస్తకమనుచున్నారు.

ఇది వేడుకకై పుట్టిన వస్తువు కాదు. ఎడిసన్ 1877లో ధ్వనిముద్రణ యంత్రమును కనిపెట్టినపుడే, అంధులకు పుస్తకములు వినిపించుట దాని ప్రయోజనములలో ఒకటిగా ఎంచెను. మొదటి ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికుల నిమిత్తము బ్రిటనులో 1935లో ఇట్టి పుస్తకముల సేవ ఆరంభమయ్యెను. తెలుగునాట 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి ఈ పనిని మరియొక రీతిని నెరవేర్చినది. ఆదివారము మధ్యాహ్నము ఉషశ్రీ భారతరామాయణములు చెప్పి ధర్మసందేహములు తీర్చుచుండగా జనులు రేడియోల చుట్టును చేరెడివారు. 1990లో ఆయన పరమపదించినను ఆ కంఠము నేటికిని వినబడుచున్నది. 1974లో కీర్తిశేషుడైన ఘంటసాల పాడియుంచిన భగవద్గీతయు అట్టిదే. పలికినవారు వెడలిపోయినను పలుకు మిగిలినది.

దీనివలన కలుగు మేలు మొదట చూపు మందగించిన పెద్దలకు. చోళరాజు ఆగ్రహమునకు గురియై కన్నులు కోల్పోయిన కూరేశులు అటుపిమ్మటనే వరదరాజస్తవము చేసిరని పెద్దలు చెప్పుదురు. కన్ను పోవుటతో జ్ఞానద్వారము మూసికొనిపోదు. రెండవ మేలు చేతులకు తీరిక లేనివారికి. మిరపకాయలకు తొడిమలు తీయు స్త్రీ పుస్తకమును పట్టలేదు, రామకథను వినగలదు. మూడవ మేలు పిల్లలకు. ఎచ్చట విరువవలెనో, ఎచ్చట ఊదవలెనో, ఏ అక్షరము ఒత్తవలెనో అచ్చు చెప్పదు, కంఠము చెప్పును. పద్యము నాలుకకు లొంగుట చెవి ద్వారమునుండియే.

యంత్రమునుండి వచ్చు శబ్దమునకు పవిత్రత యెక్కడిదని కొందరు సందేహింతురు. తాటియాకు మాత్రము చెట్టున పుట్టినది కాదా? గంటము లోహము కాదా? భగవత్కథను మోసినందున అవి పూజ్యములైనవి. అయినను మేర తెలియవలెను. మంత్రోపదేశము ఆచార్యముఖముననే పొందదగినది. వేదాధ్యయనము గురువు ఎదుట కూర్చుండి, తప్పు పలికిన చోట దిద్దించుకొని చేయదగినది. యంత్రము పలుకును గాని శిష్యుని తప్పు వినలేదు. పరీక్షిత్తు ఏడుదినములు ఊరక వినలేదు, అడుగుచు వినెను. అతని ప్రశ్నలవలననే శుకుని వాక్కు ప్రవాహమైనది. యంత్రమునకు ప్రశ్నించిన బదులు రాదు. ఆ లోటును ఇంటివారు పూరింపవలెను.

అందుకు మార్గము సులభము. సంధ్యాదీపము వెలిగించిన పిదప ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండవలెను. ఒక అధ్యాయము మాత్రమే వినవలెను. టెలివిజన్ మ్రోగుచుండగా ఒకవైపు, మాటలాడుచు మరియొకవైపు వినుట వినుట కాదు. అధ్యాయము ముగియగనే యంత్రమును ఆపి, వినిన కథను ఇంటిలో చిన్నవానిచేత చెప్పింపవలెను. తెలియని మాట వచ్చినచో గుర్తుంచుకొని ఆలయమున పెద్దలను అడుగవలెను. ఇరుగుపొరుగున రోగులును, పరీక్షలకు చదువుకొను పిల్లలును ఉందురు గనుక శబ్దము ఇల్లు దాటకుండుట మేలు. పరులను బాధించు భగవన్నామము భగవంతునకు ప్రీతి కాదు.

ఒక మాట మరువరాదు. వృద్ధురాలైన తల్లిచేతికి యంత్రమునిచ్చి, ఇక ఆమెకు కాలక్షేపము కుదిరినదని కుమారుడు తన దారిని పోవుట ధర్మము కాదు. కథ వినిన ఆమె దానిని ఒకరితో చెప్పుకొనగోరును. ఆ చెప్పుకొను చెవి కుమారునిదై యుండవలెను. భాగవతము వినుట ఎంతటి పుణ్యమో, భాగవతము వినిన తల్లి మాట వినుటయు అంతటి పుణ్యమే.

వినుకొండపై వినిన రాముడు లేచి తన కర్తవ్యమునకు సాగెను. కథ వినిన ప్రతి గృహస్థుడును ఆ రాత్రి నిద్రించుటకు ముందు తాను చేయవలసినదేదో ఒక్కటి తెలిసికొన్నచో, ఆ శ్రవణము సఫలము. అట్టి చెవులను, అట్టి మనస్సును శ్రియఃపతి ఎల్లరకును అనుగ్రహించుగాక!