చూసే అడవి, బతికే అడవి

మా ఆశ్రమ పాఠశాలలో ఒక పాత క్యాలెండరు గోడకు వేలాడుతుండేది. ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల బొమ్మ అది. కింద సరస్సు, పైన పచ్చటి కొండలు, కొండవాలు మీద గొర్రెలు, వాటి మధ్య అడ్డంగా నిలువుగా పాకిన రాతి గోడలు. మనిషి మాత్రం ఒక్కడూ కనబడడు. ఐదో తరగతి పిల్ల ఒకతె ఆ బొమ్మను చాలాసేపు చూసి మమ్మల్ని అడిగింది: "సార్, ఆ గోడలు ఎవరు కట్టారు? వాళ్లని అక్కణ్ణించి లేపేశారా?"

ఆ పిల్ల గూడేన్ని ఖాళీ చేయమని అప్పటికే రెండుసార్లు చెప్పి ఉన్నారు. అందుకే ఆమెకు ఆ ప్రశ్న వచ్చింది. మాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత చదువుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ఇది ఇంగ్లండు అడవుల కథే అయినా, మన అడవికి చట్టం రాసినవాళ్లు కూడా ఆ దేశంవాళ్లే. కాబట్టి వాళ్లు తమ ఇంటి దగ్గర ఏం చేసుకున్నారో మనం తెలుసుకోవాలి.

అడగవలసిన ప్రశ్న ఇది. అడవిని చూసి సంతోషించే మనిషికి ఒక హక్కు ఉంది. అడవిలో బతికే మనిషికి ఒక హక్కు ఉంది. రెండూ ఎదురుపడినప్పుడు ఏది ముందు?

లండన్ నగరానికి ఈశాన్యంగా ఎప్పింగ్ అనే అడవి ఉంది. ఇప్పుడది నగరవాసులు సెలవు రోజున నడకకు వెళ్లే చోటు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అది వంటచెరకు ఇచ్చే అడవి. లౌటన్ అనే ఊరివాళ్లకు చలికాలంలో చెట్ల కొమ్మలు కొట్టుకునే హక్కు ఉండేది. దానికి కట్టుబాటు ఉంది. నవంబరు 11 అర్ధరాత్రి మొదలుపెట్టాలి, ఏప్రిల్ 23తో ఆపాలి. మొదలు నరకకూడదు. మనిషి తలకు పైన ఉన్న కొమ్మలే కొట్టాలి. అప్పుడే చెట్టు మళ్లీ చిగురిస్తుంది, కింద పశువులకు చిగురు అందదు. ఇది చదువుతుంటే మాకు మన కొత్తల పండుగ గుర్తొచ్చింది. మామిడి కొత్త చేయకుండా మనం కాయ ముట్టం. పండుగ పేరుతో అది కూడా ఒక తేదీయే.

1860ల్లో ఆ ఊరి దొర వెయ్యి ఎకరాలకు పైగా అడవికి కంచె వేశాడు. థామస్ విల్లింగేల్ అనే ముసలాయన ఊరుకోలేదు. ఎప్పటిలాగే కొమ్మలు కొట్టాడు. ఆయన కుటుంబంలోని యువకులు జైలుకు వెళ్లారు. ఆయన గురించి ఆ ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. కొమ్మలు కొట్టే రాత్రి ఎవరూ అడవికి వెళ్లకపోతే హక్కు పోతుందని, ఊరందరికీ విందు పెట్టి తాగించారట. విల్లింగేల్ మాత్రం అర్ధరాత్రికి నిశ్శబ్దంగా లేచి వెళ్లి, ఒక కొమ్మ నరికి తెచ్చి అందరి ముందూ నిలబడ్డాడట. నిజమెంతో గానీ, ఇలాంటి కథలు మన సంతల్లోనూ వినబడతాయి. విందు పెట్టి వేలిముద్ర వేయించుకున్న కథలు మనకు కొత్త కాదు.

చివరికి లండన్ నగర పాలక సంస్థ కోర్టుకెక్కి, 1874లో గెలిచింది. కంచెలు తీసేయాల్సి వచ్చింది. 1878లో పార్లమెంటు ఎప్పింగ్ అడవి చట్టం చేసింది. అడవి అమ్మకానికి కాదు, కంచెకు కాదు, ప్రజల ఆహ్లాదానికి ఉండాలని ఆ చట్టం చెప్పింది. 1882లో విక్టోరియా రాణి స్వయంగా వచ్చి అడవిని ప్రజలకు అంకితం చేసింది.

ఇప్పుడు అవే సంవత్సరాలు మన వైపు నుంచి చూడండి. అదే 1878లో భారత అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో అనుమతి లేనిదే ఏ పని చేసినా నేరమైంది. అంతకు ముందు తాతల నాటి నుంచి చేస్తున్న పని, సర్కారు దయతో ఇచ్చే సదుపాయంగా మారింది. మన తెలుగు ఏజెన్సీ ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి వేరే అటవీ చట్టం 1882లో వచ్చింది, రాణి ఎప్పింగ్‌కు వచ్చిన సంవత్సరమే. ఈ రెంటి మధ్య 1879లో చిగురు పన్ను మీద, మన్సబుదారు దోపిడీ మీద రంపలో మనవాళ్లు తిరగబడ్డారు. ఒకే రాణి, ఒకే కాలం. అక్కడ కంచె తీసిన చేయే ఇక్కడ కంచె వేసింది.

ఇక్కడితో ఆపేస్తే కథ మనకు అనువుగా ఉంటుంది: "వాళ్లు తమవాళ్లకు న్యాయం చేసుకున్నారు, మనకు అన్యాయం చేశారు." కానీ నిజం అంత సులువుగా లేదు. ఎప్పింగ్ చట్టం అడవిని కాపాడింది గానీ, కొమ్మలు కొట్టే హక్కును రద్దు చేసింది. పరిహారం ఇచ్చారు. ఆ సొమ్ముతో లౌటన్‌లో లాపింగ్ హాల్ అనే భవనం కట్టారు. కొమ్మలు కొట్టే హక్కు పోయి, దాని పేరుతో ఒక హాలు మిగిలింది. పోరాడింది వంటచెరకు కోసం, దక్కింది నడిచేవాళ్ల కోసం. చూసేవాడి హక్కు గెలిచి, బతికేవాడి హక్కు డబ్బుగా మారింది.

దానివల్ల చెట్లకు మేలు జరిగిందా అంటే, అదీ పూర్తిగా కాదు. వందల ఏళ్లుగా గొడ్డలి దెబ్బకు అలవాటు పడిన చెట్లవి. కొట్టడం ఆపాక కొమ్మలు బరువెక్కాయి, కొన్ని చెట్లు చీలిపోయాయి. నీడ దట్టమై నేల మీద మొక్కలకు వెలుగు అందకుండా పోయింది. ఇప్పుడు ఆ అడవిని చూసేవాళ్లే కొన్ని చెట్లకు మళ్లీ కొమ్మలు కొట్టిస్తున్నారు. కెంట్ ప్రాంతంలోని బ్లీన్ అడవుల్లోనూ ఇదే సంగతి. అక్కడ ఒక అరుదైన సీతాకోకచిలుక ఉంది. చెట్లు మొదలు దాకా నరికి పిలకలు వేయనిచ్చిన చోట, ఎండ పడే నేలలోనే అది బతుకుతుంది. కట్టెలు కొట్టేవాడు ఏ వైపు కదిలితే ఆ వైపు అది కదిలేది. అతను వెళ్లిపోయాక దానికీ చోటు కరువైంది. అక్కడి రక్షిత వనంలో దానికోసం ఇప్పుడు పనిగట్టుకుని చెట్లు నరికిస్తున్నారు.

అయితే చూసేవాడి హక్కును తేలిక చేయకూడదు. మాంచెస్టర్ దగ్గర కిండర్ స్కౌట్ అనే ఎత్తైన కొండ ఉంది. దొరలు గ్రౌస్ అనే పక్షిని వేటాడటానికి ఆ కొండను మూసి ఉంచేవారు. వారమంతా మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో పొగ మింగే కార్మికులకు ఆదివారం కొండగాలి కావాలనిపించింది. 1932 ఏప్రిల్ 24న సుమారు 400 మంది కావలివాళ్లను దాటి పైకి ఎక్కారు. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. 1951లో కిండర్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానమైంది. ఆనాడు ఆ కొండకు యజమాని అయిన డ్యూక్ మనవడు, 2002లో, డెబ్బై ఏళ్ల తర్వాత, క్షమాపణ చెప్పాడు. 2000లో వచ్చిన చట్టంతో కొండలు, పచ్చిక బయళ్ల మీద స్వేచ్ఛగా నడిచే హక్కు దక్కింది. అదీ ఇంగ్లండు నేలలో నూటికి ఎనిమిది వంతులే. చాలా అడవులు ఇంకా అందులో లేవు.

వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి తెల్లవారుజామున కార్లు వరసకట్టినప్పుడు మనకు కోపం వస్తుంది. ప్లాస్టిక్ సీసాలు ఏరేది మన పిల్లలే. కానీ ఆ వచ్చినవాళ్లలో వారమంతా ఊపిరాడని గదుల్లో పనిచేసి వచ్చినవాళ్లూ ఉంటారు. కిండర్ ఎక్కిన కార్మికుడిని మెచ్చుకుని, వీళ్లను మాత్రం తిడితే అది న్యాయం కాదు. తేడా ఒక్కటి ఉంది. కిండర్ కార్మికుడు అడిగింది నడిచే దారి. ఆ కొండ మీద గొర్రెలు కాసుకునేవాడిని వెళ్లగొట్టమని అతను అడగలేదు.

ఇక్కడే ఆ పిల్ల ప్రశ్నకు జవాబు ఉంది. లేక్ డిస్ట్రిక్ట్ కూడా 1951లోనే జాతీయ ఉద్యానమైంది. కానీ ఊళ్లు లేపలేదు. వేల మంది ఇప్పటికీ ఆ ఉద్యానంలోనే ఉంటున్నారు. హెర్డ్‌విక్ అనే గొర్రెలను కొండ మీదికి తోలుతారు. ఏ మంద హద్దు ఎక్కడిదో గొర్రెకు తెలుసు. తల్లి నుంచి పిల్ల నేర్చుకుంటుంది. 2017లో ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించినప్పుడు, సరస్సుల అందంతో పాటు ఈ గొర్రెల కాపరుల బతుకునూ లెక్కలోకి తీసుకుంది. సర్‌ప్రైజ్ వ్యూ అనే అంచున నిలబడి డెర్వెంట్ సరస్సును చూసేవాళ్లకు కనబడే పచ్చదనంలో గొర్రెల మేత ఉంది, గోడలు కట్టిన చేతుల పని ఉంది.

దక్షిణాన న్యూ ఫారెస్ట్ ఉంది. 1079లో విలియం రాజు దాన్ని తన వేట అడవి చేసుకున్నాడు. అడవి చుట్టూ ఉన్నవాళ్లు తమ పశువుల హక్కును వదులుకోలేదు. 1217లో వచ్చిన అటవీ శాసనం పందులను మేపుకునే హక్కును రాసిచ్చింది, రాజు జింకను చంపినందుకు ప్రాణం తీయకూడదన్నది. నేటికీ అక్కడ శరదృతువులో పందులను అడవిలోకి వదులుతారు. రాలిన ఓక్ కాయలు గుర్రాలకూ ఆవులకూ విషం, పందులకు మేత. యాత్రికులు ఫోటోలు తీసుకునే గుర్రాలు అడవి గుర్రాలు కావు, ఒక్కొక్కదానికీ యజమాని ఉన్నాడు. మేత హక్కుల తగవులు చూడటానికి లిండ్‌హర్స్ట్‌లో ఇప్పటికీ ఒక కోర్టు కూర్చుంటుంది.

కాబట్టి మా ఆలోచన ఇది. రెండు హక్కులకూ చోటుంది, కానీ వరస ఉంది. బతికేవాడి హక్కు ముందు, చూసేవాడి హక్కు దాని వెనక. ఈ వరస జాలితో పెట్టింది కాదు. చూడటానికి అక్కడ ఏమైనా మిగిలిందంటే, దాన్ని వాడుతూ కాపాడినవాడు ఉన్నందుకే. అతన్ని లేపేస్తే కొంతకాలానికి చూసేదీ మారిపోతుంది. ఎప్పింగ్ చెట్లు అదే చెబుతున్నాయి.

అయితే ఈ మాట మనల్నీ పట్టుకుంటుంది. లౌటన్‌వాళ్ల హక్కు తేదీతో, ఎత్తుతో ముడిపడి ఉంది. న్యూ ఫారెస్ట్ హక్కు కోర్టుతో ముడిపడి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మన గ్రామసభకు అడవిని వాడుకునే హక్కుతో పాటు, కాపాడే అధికారమూ ఇచ్చింది. పట్టా కోసం మనం ఎన్నిసార్లు సభ పెట్టాం? ఏ కొండ మీద ఈ ఏడు గొడ్డలి పెట్టకూడదో నిర్ణయించడానికి ఎన్నిసార్లు పెట్టాం? కొత్త చేయకుండానే పచ్చికాయ కోసి షావుకారికి అమ్ముకుంటే, కట్టుబాటు మనదని ఏ ముఖంతో చెబుతాం?

ఆ పిల్లకు జవాబు చెప్పడానికి మాకు కొన్ని నెలలు పట్టింది. "ఆ గోడలు కట్టినవాళ్ల మనవలు ఇంకా అక్కడే ఉన్నారమ్మా. లేపలేదు," అని చెప్పాం. ఆమె కాసేపు ఆలోచించి, "మరి మనల్నెందుకు లేపుతున్నారు?" అంది. దానికి జవాబు చెప్పవలసింది మేం ఒక్కళ్లమే కాదు. కానీ గ్రామసభలో ఆ ప్రశ్న గట్టిగా అడగడం ఆమెకు నేర్పవలసింది మాత్రం మేమే.