పేర్లు చెప్పని నటుడు

జాన్ రాండాల్ఫ్ పేరు మన కుటుంబములలో బహుకొద్దిమంది వినియుందురు. న్యూయార్కులో 1915లో పుట్టి 2004లో గతించిన ఈ అమెరికను నటుడు నాయకపాత్రలు ధరించినవాడు కాడు. రంగస్థలముపైనను, టెలివిజనునందును తండ్రిగా, తాతగా, పోలీసు అధికారిగా కొంతసేపు కనిపించి మరుగగువాడు. ఆతని నటనకంటె ఆతని మౌనమొకటి నన్ను చిరకాలముగా ఆలోచింపజేయుచున్నది.

1950 ప్రాంతమున అమెరికాలో కమ్యూనిస్టులనిన భయము ప్రబలెను. ప్రతినిధుల సభవారి విచారణ సంఘము కళాకారులను పిలిపించి, ఆ పక్షముతో పొత్తుగల మిత్రుల పేర్లు చెప్పుమనుచుండెడిది. 1955లో రాండాల్ఫునకును, ఆతని భార్యయు నటీమణియు నగు సారా కన్నింగ్‌హామునకును పిలుపు వచ్చెను. దంపతులిరువురును లొంగలేదు. ఫలితముగా సినిమాలలోను, టెలివిజనులోను పని లేకపోయెను. ప్రకటనలిచ్చు కంపెనీల జంకు రంగస్థలమునకు అంతగా సోకలేదు గనుక అచ్చట కొంత బ్రతుకుతెరువు మిగిలెను. 1966లో వచ్చిన ‘సెకండ్స్’ చిత్రముతో గాని సినిమావారు ఆతనిని మరల పిలువలేదు.

అడిగినవారికి నిజము చెప్పుట ధర్మము కాదా? మహాభారతమున కౌశికుడు సత్యవ్రతుడై, దొంగలడుగగా, అడవిలో దాగినవారి జాడ చెప్పెను. వారు చచ్చిరి, ఆతడు నరకమునకు పోయెను. కర్ణపర్వమున కృష్ణుడు అర్జునునకు చెప్పిన కథ యిది. అయితే పోలిక పూర్తిగా కుదరదు. కౌశికుని అడిగినవారు దొంగలు. రాండాల్ఫును అడిగినది ప్రభుత్వము. నాకు తోచినంతలో, ఏమి అడిగిరన్నదే ముఖ్యము. ఒకడు చేసిన హత్యను గూర్చి అడిగినచో చెప్పవలసినదే. ఒకడు నమ్మిన సిద్ధాంతమును గూర్చి అడిగినచో చెప్పనక్కరలేదు.

ఇంత తేలికగా తీర్పు చెప్పుటకు నాకర్హత లేదు. గుమాస్తాగా నుండగా, ఒక విచారణలో, హాజరుపట్టీలో వేరొకరికై సంతకము చేసిన తోటివాని పేరు నేను చెప్పితిని. నిజమే చెప్పితిని, అడిగినది చేసిన పనిని గూర్చియే. కాని నాచేత చెప్పించినది సత్యముపై ప్రీతి కాదు, నా ప్రమోషను పోవునేమోయను భయము. ఆతని ఇంక్రిమెంటు నిలిచిపోయెను.

1987లో, నీల్ సైమన్ వ్రాసిన ‘బ్రాడ్వే బౌండ్’ నాటకమున తాతపాత్రకు రాండాల్ఫు టోనీ బహుమతి నందెను. ఆ తాత వృద్ధ సోషలిస్టు! (1993లో ‘సైన్‌ఫెల్డ్’ అను టెలివిజను ధారావాహికలో ఆతడు వేసిన తండ్రిపాత్రను మాత్రము పునఃప్రసారమునకై మరొక నటునితో మరల చిత్రించిరి. చిన్నపాత్రల నటుల గతి యట్టిది.)

నా పదవీవిరమణ సభలో ఆ తోటివాడు నా ప్రక్కనే కూర్చుండి, పూలదండ సరిచేసెను. నేనా సంగతి ఎత్తలేదు.