దాచిన మాట అబద్ధం కాదా?

 



పోయిన నెల ఒక ఆదివారం వందన అయిపోయి, చాపలు చుట్టి పెడుతుంటే ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇరవై మూడేళ్లుంటాయి. సూర్యాపేట దిక్కు పల్లె. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. వాళ్ల ఇంట్లో నెల జీతం తీసుకుంటున్న మొదటి మనిషి ఇతనే. పని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో. పాఠాలు చెప్పడు, ఫోన్ ముందు నిలబడి రీల్స్ చేస్తాడు.

"అన్నా, పొద్దున నాలుగో శీలం చెప్పేటప్పుడు నా నోరు పెగల్లేదు" అన్నాడు.

ఏమైంది తమ్మీ అని అడిగాను.

"నేను అక్కడ చదివి జాబ్ కొట్టిన అని ఎన్నడూ చెప్పలే అన్నా. 'ఫ్రెండ్స్, నేను దిల్‌సుఖ్‌నగర్ మొత్తం తిరిగి చూసిన, నాకైతే ఇదే నచ్చింది' అంట, అంతే. తిరిగింది నిజమే, పని కోసం తిరిగిన. నచ్చింది కూడా నిజమే, జీతం ఇస్తున్నరు కదా. ఆ జీతం సంగతి ఒక్కటే చెప్పను. చెప్పొద్దన్నరు. ఇది అబద్ధం కిందికి వస్తదా?"

నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "వస్తుంది" అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. కానీ ఆ ఒక్క మాటకు అతని తల్లి మందుల ఖర్చు ముడిపడి ఉంది. అందుకే ఇంటికి వెళ్లి గ్రంథాలు తీసి చూశాను. చూసింది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ రీల్స్ చేసేవాళ్లూ మన పిల్లలే, చూసి మోసపోయేవాళ్లూ మన పిల్లలే.

నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్‌లో జనాన్ని దింపుతాయి. 2018 సెప్టెంబర్‌లో అక్కడిదాకా మెట్రో వచ్చింది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. మెట్లు దిగితే ఏ గల్లీలో చూసినా ర్యాంకులు కొట్టినవాళ్ల ఫోటోలు. ఒకే ముఖం రెండు మూడు సెంటర్ల బ్యానర్ల మీద కనిపించడం మనకు కొత్తేమీ కాదు. అయినా బ్యానర్‌తో ఒక మేలుంది. అది బ్యానరని తెలుసు, డబ్బు పెట్టి కట్టించింది ఎవరో తెలుసు. మనిషి సగం నమ్ముతాడు, సగం నమ్మడు. రీల్ సంగతి వేరు. ప్రకటన అక్కడ మన పక్కింటి పిల్లవాడి ముఖం పెట్టుకుని, మన యాసలో మాట్లాడుతుంది. ఊళ్లో గేదెల్ని కట్టేసి వచ్చి, మంచం మీద పడుకుని చూసే పిల్లకు అది ప్రకటన అని ఎట్లా తెలుస్తుంది? తెలియకూడదనే అట్లా చేస్తారు.

జాతక కథల్లో మూడోది సేరివాణిజ జాతకం. మన పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన కథ. సేరి రాజ్యం నుంచి ఇద్దరు వర్తకులు తేలవాహ నది దాటి అంధపురం అనే నగరానికి వచ్చారు. పేరు వింటే మన ఆంధ్రుల ఊరేనేమో అనిపిస్తుంది, అట్లా అనుకున్న పండితులు కూడా ఉన్నారు. వీధులు పంచుకుని ఇద్దరూ అమ్మకం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన కుటుంబం ఒకటుంది. మగవాళ్లంతా పోయారు, ఆస్తి పోయింది. ఒక ముసలమ్మ, ఆమె మనుమరాలు మిగిలి, ఊళ్లో వాళ్లకు కూలి చేసి బతుకుతున్నారు. పిల్ల తనకేదైనా నగ కొనివ్వమని అడిగింది. కొనడానికి ఏముంది? పాత గిన్నెల్లో మసి పట్టిన గిన్నె ఒకటి కనిపిస్తే, దాన్ని మారకంగా ఇద్దామనుకున్నారు.

మొదటి వర్తకుడు గిన్నె వెనక్కి తిప్పి సూదితో ఒక గీత గీశాడు. బంగారం! అది అతనికి తెలిసిపోయింది. తెలిసే, "అర్ధ మాషకం కూడా చేయదు" అని గిన్నెను నేలకేసి కొట్టి పోయాడు. కాసేపు తిప్పలు పెట్టి, తర్వాత వచ్చి ఏదో ఒకటి ఇచ్చి తీసుకుపోవచ్చని అతని ఎత్తు. ఈలోగా రెండోవాడు వచ్చాడు, అతను బోధిసత్త్వుడు. గిన్నె చూసి, "అమ్మా, ఇది లక్ష చేస్తుంది. అంత సొమ్ము నా దగ్గర లేదు" అన్నాడు. వాళ్లు, "నీ దగ్గర ఉన్నదేదో ఇచ్చి తీసుకుపో నాయనా" అన్నారు. చేతిలో ఉన్న 500 కహాపణాలు, ఇంకో 500 విలువైన సరుకు ఇచ్చేసి, త్రాసు, సంచి, పడవ ఖర్చుకు 8 కహాపణాలు మాత్రం అడిగి ఉంచుకున్నాడు.

చదివినవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు. లక్ష విలువైన గిన్నెకు వెయ్యే ఇచ్చాడు కదా, లాభం తీసుకోలేదా? తీసుకున్నాడు. ధమ్మం లాభాన్ని తిట్టలేదు. అతను ముందు విలువ చెప్పాడు, తన దగ్గర ఎంతుందో చెప్పాడు, ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం ముసలమ్మ చేతిలో పెట్టాడు. మొదటివాడు ఆ నిర్ణయాన్నే ఆమె చేతుల్లోంచి లాక్కున్నాడు. అతను ఆడిన అబద్ధం నోట్లో కాదు, ఆ సూదిగీతలో పుట్టింది. తనకు తెలిసింది ఆమెకు తెలియనివ్వలేదు.

తమ్ముడి ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. 'నచ్చింది' అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ మాటకు ఎంత బరువివ్వాలో తేల్చుకోవడానికి వినేవాడికి కావలసిన సమాచారం ఒక్కటే, నీకు జీతం ఎవరిస్తున్నారు అన్నది. దాన్నే దాచావు.

మజ్ఝిమ నికాయంలో మహాచత్తారీసక సుత్తం ఉంది. అందులో బుద్ధుడు మిథ్యా ఆజీవం, అంటే తప్పుడు బతుకుతెరువు ఏదో వివరిస్తూ ఐదు చెప్పాడు: కుహనా, లపనా, నేమిత్తికతా, నిప్పేసికతా, లాభంతో లాభం వేటాడటం. లేనిది ఉన్నట్టు నటించడం, ముఖస్తుతితో మెత్తబరచడం, సూచనగా మాట్లాడి రాబట్టడం, పక్కవాణ్ణి కించపరచి తాను పైకి రావడం, వచ్చిన లాభాన్ని ఎర వేసి ఇంకో లాభం పట్టడం. వ్యాఖ్యాతలు వీటిని ఎక్కువగా భిక్షువుల బతుకుకు అన్వయించారు. మనం దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో నిలబడి చదివితే మాత్రం ఐదూ ప్రకటనల పాఠం లాగే వినిపిస్తాయి. 'మీలాంటి తెలివిగలవాళ్ల కోసమే' అనేది లపనా. 'ఇంకా మూడే సీట్లున్నాయి' అనేది నేమిత్తికతా. నిప్పేసికతా గురించి చెప్పనక్కర్లేదు, పక్క సెంటర్‌ను తిట్టని రీల్ ఉందా?

చట్టం కూడా ఆలస్యంగానైనా ఈ దారికే వచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్ 9న తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఒక వస్తువును మెచ్చుకునేవాడికీ అమ్మేవాడికీ మధ్య వినేవాళ్లు ఊహించలేని సంబంధం ఏదైనా ఉంటే, దాన్ని పూర్తిగా బయటపెట్టాలని అందులో ఉంది. మన తమ్ముడి కేసు అచ్చంగా ఇదే. మొదటిసారి తప్పు చేస్తే 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2024 నవంబర్ 13న కోచింగ్ సెంటర్లకు విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. గెలిచిన విద్యార్థి ఫోటో వాడాలంటే, గెలిచిన తర్వాతే అతని రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఏ కోర్సు చదివాడో చెప్పాలి. ఎందుకంటే సివిల్స్ ర్యాంకర్లలో చాలామంది చివర్లో ఉచిత ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వస్తే, లక్షల ఫీజుల కోర్సు చదివే గెలిచారన్నట్టు ఫోటోలు వేసుకున్న సంస్థలు దొరికాయి. అప్పటికి 18 సంస్థల మీద వేసిన జరిమానా మొత్తం 54 లక్షల 60 వేలు. ఆ వ్యాపారం ముందు ఇది చిల్లర డబ్బులే అని నా అభిప్రాయం.

మన నగరంలోనే 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ మియాపూర్ పోలీసులు 25 మంది నటులు, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసు పెట్టారు. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. ఆ ముఖాలను చూసి ఆడి అప్పులపాలైన పిల్లల ఇళ్లు మాత్రం మనకు తెలుసు.

అయితే రీల్ చేసే పిల్లవాణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టి అడగడం అన్యాయం. ఆ రీల్‌ను ఊరూరా తిప్పి డబ్బు తీసుకునేవాడు ఇంకొకడున్నాడు. గూగుల్ స్థాపించిన ఇద్దరూ 1998లో విద్యార్థులుగా ఉన్నప్పుడు ఒక పరిశోధనా పత్రం రాశారు. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ సహజంగానే ప్రకటనదారు వైపు మొగ్గుతుంది, వెతికేవాడి అవసరానికి దూరమవుతుంది అని అందులో వాళ్లే హెచ్చరించారు. 2000లో వాళ్లే ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టారు. మొదట్లో ప్రకటనల వెనక వేరే రంగు ఉండేది, చూడగానే తెలిసేది. పోను పోను ఆ రంగు పోయి, పైన ఒక చిన్న మాట మిగిలింది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా సంగతి 2025 నవంబర్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ బయటపెట్టింది. కంపెనీ లోపలి పత్రాల ప్రకారం, 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం, అంటే 1600 కోట్ల డాలర్లు, మోసాలు, నిషేధించిన సరుకుల ప్రకటనల నుంచే వస్తుందని వాళ్లే అంచనా కట్టుకున్నారు. ప్రకటన ఇచ్చేవాడు మోసగాడని నూటికి 95 పాళ్లు తేలితేనే అతన్ని తీసేస్తారు. అంతకు తక్కువ అనుమానం ఉంటే రేటు పెంచి వసూలు చేస్తారు, అట్లాంటివాళ్లను నిరుత్సాహపరచడానికట. ఆ అంచనా పైపైన వేసిన లెక్క అనీ, చాలా వాటిని కలిపేసుకుందనీ కంపెనీ జవాబిచ్చింది. సరే, లెక్క కొంచెం తగ్గిద్దాం. సూదితో గీత గీసి చూసిన మాట మాత్రం మిగిలే ఉంది కదా? కంపెనీకి చిత్తం ఉండదు, కాబట్టి శీలం ఉండదు అని కొందరు వాదిస్తారు. రేటు ఎంతో రాసిన మనిషికి చిత్తం ఉంది. బుద్ధుడు కమ్మం అన్నది ఆ చేతననే.

బాబాసాహెబ్ ఈ రోగాన్ని పత్రికల్లో చూశారు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బు కట్టి ప్రకటన వేసుకుంటామన్నా 'కేసరి' ఒప్పుకోలేదని ఆయన జీవిత చరిత్రల్లో చదువుతాం. ప్రకటనలు అమ్ముకునేవాడి దగ్గర కూడా మన డబ్బు చెల్లలేదు! 1943 జనవరి 18న పూనాలో రానడే మీద చేసిన ప్రసంగంలో, పత్రికా వృత్తి వ్యాపారంగా దిగజారిందని చెబుతూ దాన్ని సబ్బుల తయారీతో పోల్చారు. ఇక 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో సమ్మా వాచ గురించి రాస్తూ, అది భయం వల్లనో మెహర్బానీ కోసమో పాటించేది కాకూడదనీ, నిజం మాట్లాడితే వచ్చే నష్టాన్ని లెక్కలోకి తీసుకోకూడదనీ వివరించారు. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడనన్నదీ ఉంది. మనం దీక్ష తీసుకున్నప్పుడు చెప్పింది ఆ మాటలే.

డబ్బు ఎవరిచ్చారో చెప్పడం మన సంప్రదాయానికి కొత్త కాదు. అమరావతి స్తూపం రాళ్ల మీద శాసనాలు చూడండి. ఫలానా శిల ఫలానావారి దానం, వాళ్ల తల్లిదండ్రులెవరు, వృత్తి ఏమిటి, అన్నీ చెక్కి ఉంటాయి. వాటిలో ఒకటి విధికుడనే చర్మకారుడిది. పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి దానం చేశానని రాయించాడు. తోలుపని చేసేవాడు తన పేరునూ తన వృత్తినీ దాచకుండా స్తూపం మీద రాయించుకున్నాడు! చూసేవాళ్లకు ఆ రాయి ఎవరి సొమ్మో తెలుసు. రెండు వేల ఏళ్ల కింద రాతి మీద సాధ్యమైంది ఇవాళ ఫోన్ గాజు మీద కాదంటే నేను నమ్మను.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మన సంఘం వాట్సాప్ గ్రూపులో బాబాసాహెబ్ ఫోటో పెట్టి, పైన జై భీమ్ రాసి, విజయవాడ హైవే మీద ప్లాట్ల ప్రకటన వచ్చింది. పెట్టినాయనకు ప్లాటుకింత అని కమీషన్ ఉంది. ఆ సంగతి మాలో నలుగురికి తెలుసు. మనవాడే కదా అని ఎవ్వరం అడగలేదు. నేనూ ఇంకో గ్రూపుకు పంపాను. ఆ నీలి జెండాను చూసి మనవాళ్లు నమ్మే నమ్మకం ఎవరి సొత్తని అమ్ముకున్నట్టు?

పదిహేను రోజుల తర్వాత తమ్ముడికి నా జవాబు చెప్పాను. ఉద్యోగం మానెయ్యమనలేదు, ఆ మాట అనే హక్కు నాకు లేదనిపించింది. రీల్ మొదట్లోనే 'నేను ఇక్కడ జీతానికి పనిచేస్తున్న' అని నోటితో చెప్పు, తెర మీద తెలుగులో రాయి, తర్వాత నీకు తెలిసిన మంచి చెప్పు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "సార్‌ను అడుగుత" అని వెళ్లాడు.

సార్ నవ్వి, ఒక్కటి చేసి చూపించమన్నాడట. చేశాడు. చూసినవాళ్లు మామూలుగా వచ్చేదాంట్లో సగం కూడా లేరు. కానీ కింద ఒక పిల్ల, 'అన్నా, ఫీజు ఎంత, నిజంగ చెప్పు' అని అడిగిందట. అట్లా ఎవరూ ఇంతకుముందు అడగలేదన్నాడు. నెలాఖరు దాకా చూద్దాం, లెక్క పడకపోతే పాత పద్ధతే అని సార్ చెప్పాడు.

వనస్థలిపురంలో ఒక దుకాణంలో లెక్కలు రాసే పని ఉందని మన ఉపాసిక ఒకామె చెప్పింది. జీతం రెండు వేలు తక్కువ. ఆ నంబర్ తమ్ముడికి ఇచ్చాను. ఇంకా ఫోన్ చేయలేదు. మొన్న ఆదివారం వందనకు మాత్రం వచ్చాడు, ముందు వరసలో కూర్చున్నాడు.