గడప ముందు చెప్పులు

యాప్రాల్‌లో వొంటరిగా వుంటున్నాను. అద్దె ఫ్లాటు, రెండో అంతస్తు. దిగిన రోజే యెదురింటి ఆంటీ చెప్పింది: "ఆడపిల్లవి, వొక్కదానివే వుంటున్నావు. గడప ముందు యెప్పుడూ మగవాళ్ళ చెప్పుల జత వొకటి పడేసి వుంచమ్మా." ప్రేమగానే చెప్పింది.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా నాన్న చెప్పులు కుట్టినోడు. వూరందరి కాళ్ళ కొలతలూ ఆయనకి నోటికొచ్చు. అయినా పెద్దోళ్ళ వీధిలో నడవాలంటే తన చెప్పులు తీసి చేత్తో పట్టుకునేవాడు. యిప్పుడు ఆయన కూతురు నిద్రపోవాలంటే, యింట్లో లేని మగాడి చెప్పులు గుమ్మానికి కాపలా వుండాలంట!

చెప్పులు పెట్టలేదు. ముందు తాళం మార్పించాను. పాత అద్దెవాళ్ళ దగ్గర యెన్ని తాళంచెవులు వుండిపోయాయో యెవరికి తెలుసు? తలుపుకి లోపల పైనా కిందా గడియలు, గొలుసు, బయట నిలబడ్డ మనిషిని చూసే చిన్న అద్దం, బాల్కనీకి గ్రిల్లు పెట్టించాను. సామాను తెచ్చిన కుర్రాడితో గొలుసు తియ్యకుండానే మాట్లాడతాను.

దీనికి నేను సిగ్గుపడను. మన పల్లెల్లో తలుపులే వేసుకోమని గొప్పగా చెప్పుకునే మనవాళ్ళున్నారు. మా యింటికి తడికే తలుపు. అమ్మ తలగడ పక్కన కత్తిపీట పెట్టుకుని పడుకునేది. చీకట్లో వచ్చే ఆసామికీ భయమే, తాగొచ్చే మనోడికీ భయమే. ప్రభుత్వ కాపలా సంగతి సరే సరి. 1991 ఆగస్టు 6న అప్పటి మా గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపిన రోజు వూళ్ళో పోలీసులున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. గట్టి తలుపు అమ్మకి దక్కలేదు, నాకు దక్కింది. వదులుకోను.

కానీ అపార్టుమెంటు వాళ్ళ భద్రత తలుపు దగ్గర ఆగదు. మా బ్లాకులో వొక దొంగతనం జరిగింది. యెవరు చేశారో తేలలేదు. తేలకముందే అసోసియేషన్ కాగితం వొకటి తిప్పింది: పనివాళ్ళ పేర్లూ ఫొటోలూ రిజిస్టరులో వుండాలి, బయటికి పోయేటప్పుడు సంచులు వెతకాలి, వాళ్ళకి వేరే లిఫ్టు. మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు చాలామంది జవహర్‌నగర్ నుంచి నడిచొస్తారు. ఆ కాగితం మీద నా సంతకమూ అడిగారు.

రెండు రోజులు నాన్చాను. నేనూ భయపడే మనిషినే గదా. యింతలో అమ్మ వూరి నుంచి వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "యే ఫ్లాట్ల పని జేస్తవ్ పెద్దమ్మా? సంచి తెరువు." గోంగూర, యెండుచేపలు, నాకు తెచ్చిన రవిక గుడ్డ బయటికి తీసి చూపించి, వేరే లిఫ్టులో పైకొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ వాచ్‌మన్ కూడా మనోడే. నేను మండిపడుతుంటే అమ్మే నన్ను సముదాయించింది. "పోన్లే అమ్మాయ్, నీ కోసమే గదా యీ కాపలా!"

ఆ మాట నన్ను కోసేసింది. నా నిద్రకి అమ్మ సంచి విప్పాలా?

పుట్టుకని చూసి దొంగని తేల్చడం కొత్తదేం కాదు. 1871లో తెల్లదొరలు దానికి చట్టమే చేశారు. మా వైపు స్టూవర్టుపురంలో యెరుకలవాళ్ళని ఆ ముద్ర వేసే పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. రిజిస్టరు మాత్రం పోలీసు స్టేషన్ నుంచి అపార్టుమెంటు గేటుకొచ్చి కూచుంది.

నా తప్పూ వొకటుంది. యిల్లు అడిగినప్పుడు వోనరు "మీరేమిట్లు?" అన్నాడు. నవ్వి వూరుకున్నాను. ఆయన తనకి నచ్చిందేదో అనుకుని తాళం యిచ్చాడు. 1917లో బరోడాలో వుద్యోగానికి వెళ్ళిన అంబేడ్కర్‌కి యెవరూ యిల్లివ్వలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని వొంటరిగా వున్నాడు. కొద్ది రోజులకే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఆ సత్రానికి గడియలు లేవా? వున్నాయి. దాచిన పేరుని యే గడియా కాపాడలేదు. అర్ధరాత్రి నేను కేక వేస్తే యెదురింటి తలుపు తెరుచుకోవాలి. అది యెవరి కోసం తెరుచుకుంటుంది? నా కోసమా, వాళ్ళు నేననుకుంటున్న మనిషి కోసమా?

కాగితం కింద యిలా రాశాను: మెట్ల మీద లైట్లు, గేటుకి కెమెరా, అందరికీ గట్టి తాళాలు, వొప్పుకుంటాను. సంచులు వెతకడం, వేరే లిఫ్టు, వొప్పుకోను. వెతికితే అందరివీ వెతకండి, నాదే మొదలు పెట్టండి. నిన్న ఆపి వెతికింది మా అమ్మని.

ఆంటీకి మా కులం నేనే చెప్పాను. "అలాగా" అని తలుపేసుకుంది. వారమైంది, యింకా మాట్లాడలేదు. వోనరు యిల్లు ఖాళీ చెయ్యమంటాడేమో కూడా. మా యింట్లో పనిచేసే జవహర్‌నగర్ అక్కకి రెండో తాళంచెవి యిచ్చాను. నాకేదైనా అయితే ముందు తలుపు తీసేది ఆమే.

మిత్రులారా, రాత్రి గడియలు రెండూ వేసుకునే పడుకుంటున్నాను. భయం పోలేదు. ఆ భయం ఖర్చు యెవరి మీద వెయ్యకూడదో మాత్రం తెలిసింది.