దూరమా, కాలమా? ఒక వైశేషిక విచారణ

హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 275 కిలోమీటర్లు. కారులో దాదాపు ఐదు గంటలు పట్టే ఈ ప్రయాణాన్ని శంషాబాదులో లేచిన విమానం గంటకు కాస్త అటూ ఇటుగా ముగించి గన్నవరంలో దిగుతుంది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి విజయవాడ దగ్గరయిందని లోకం అంటుంది. ఈ మాటలో నిజంగా తగ్గినది ఏది అన్న ప్రశ్నకు కావలసిన సామగ్రిని వైశేషికులు ఎంతో ఓపికగా సమకూర్చిపెట్టారు.

కణాదుని వైశేషిక దర్శనం దిక్కును, కాలాన్ని రెండు వేర్వేరు ద్రవ్యాలుగా, అంటే గుణాలకు ఆశ్రయమైన పదార్థాలుగా లెక్కించింది. వీటి వల్ల వస్తువులలో పరత్వం, అపరత్వం అనే గుణాలు కలుగుతాయి. దిక్కు వల్ల కలిగినవి దూరం, సామీప్యం కాగా, కాలం వల్ల కలిగినవి పెద్దతనం, చిన్నతనం. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించి, తర్కం చదవబూనినవారికి నేటికీ తొలి పాఠ్యంగా నిలిచిన తర్కసంగ్రహంలోనూ విభాగం ఇదే. ఒక ఊరు దూరమని తెలిసేది నడుమ ఒకదానినొకటి అంటి ఉన్న చోట్ల వరుస, అంటే సంయోగాల పరంపర, ఎక్కువ కావటం చేత. ఒకడు పెద్దవాడని తెలిసేది అతడు పుట్టిన తరువాత గడచిన సూర్యగమనాలు ఎక్కువ కావటం చేత.

విమానానికి అన్వయిస్తే, ఆ చోట్ల వరుసలో ఒక్కటీ తగ్గలేదు. వాటిని దాటేలోగా గడచే సూర్యగమనం మాత్రం తగ్గింది, దానికి కారణం వేగం (వేగాన్ని వారు సంస్కారమనే గుణంలో చేర్చారు). పైగా ఆ గంట కూడా పూర్తి లెక్క కాదు: శంషాబాదు చేరటం, తనిఖీలు, నిరీక్షణ, గన్నవరం నుంచి నగరప్రయాణం కలుపుకుంటే, ఇంత దగ్గరి ఊళ్ల మధ్య మిగిలే సమయం స్వల్పమే.

అయినా ప్రయాణికుని అనుభవాన్ని భ్రమగా తోసిపుచ్చటం తొందరపాటు అవుతుంది. పరత్వం పుట్టటానికి అపేక్షాబుద్ధి, అంటే ఒకదానితో పోల్చి మరొకదానిని గ్రహించే జ్ఞానం, అవసరమని వైశేషికాచార్యుడైన ప్రశస్తపాదుడు చెప్పాడు. హైదరాబాదులో ఉన్నవాడు సూర్యాపేట ఇవతల, విజయవాడ అవతల అని గ్రహించినప్పుడే విజయవాడలో పరత్వం పుడుతుంది. ఆ బుద్ధి నశిస్తే పరత్వమూ నశిస్తుందని ఆయన సిద్ధాంతం. బస్సులో వెళ్లేవాడికి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ వరుసగా వచ్చి, ప్రతి ఊరూ పోలికకు ఆధారమవుతుంది. మబ్బులపై వెళ్లేవాడికి ఎక్కిన చోటు, దిగిన చోటు తప్ప నడుమ మరేదీ లేదు. కనుక అతనిలో లోపించింది దూరాన్ని తెలిపే ఆధారం. దూరమే లోపించిందని అతడు అనుకుంటున్నాడు. ఈ రెంటినీ కలిపివేయటం నేటి ప్రయాణభాషలోని పెద్ద పొరపాటు, ఎందుకంటే దానివల్ల నడుమనున్న ఊళ్లన్నీ లెక్కలోంచి జారిపోతున్నాయి. సూర్యాపేటలో దిగవలసినవాడికి ఆ విమానం దూరాన్నే కాదు, కాలాన్నీ తగ్గించలేదు.